డెక్కు విప్పాక బోటు లోపల చెక్క చీకిపోకుండా చూసుకోవడం ఎలా?

నమస్తే అండీ. కాకినాడ జగన్నాథపురం దగ్గర, ఉప్పుటేరు ఒడ్డున ఉన్నాను. నా వెనక ఉన్న చెక్క బోటుకు డెక్కు, అంటే బోటును పైన కప్పి ఉంచే చెక్క నేల, దాని పలకలు మార్చే పని మొన్ననే మొదలైంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం కదా, ఆ 61 రోజుల్లోనే అందరూ ఇలాంటి పనులు పెట్టుకుంటారు. పలక కోయడం, సందుల్లో దూది కూరడం ఈ వీడియోలో చెప్పను. పైన పని జరుగుతున్నన్నాళ్లూ లోపల చెక్కను ఎలా కాపాడుకోవాలో మాత్రం చూద్దాం.

ముందు ఒక సంగతి. చెక్కను చీకబెట్టే బూజు ఉప్పునీళ్లలో సరిగా పెరగదు. దానికి కావాల్సింది మంచినీళ్లు, అంటే వాన నీళ్లు. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉంటే అది తల ఎత్తదు. 28, 30 దాటిందంటే మన వేడికి హాయిగా పాకుతుంది. ఇన్నేళ్లూ ఆ వానను ఆపింది డెక్కే. ఇప్పుడు దాన్ని మనమే విప్పేశాం. ఎండాకాలమే కదా అని ధీమాగా ఉండకండి. 2022లో అసని తుపాను మే రెండో వారంలో, నిషేధం నడుస్తున్న రోజుల్లోనే వచ్చింది.

అందుకే పలక పీకకముందే బరకం కట్టే ఏర్పాటు చూసుకోవాలి. ఇదిగో, ముందు కొస నుంచి వెనక కొస దాకా నడిమిన ఒక వెదురు గడ ఎత్తుగా కట్టాం. దాని మీద బరకం ఇంటి కప్పులా రెండు వైపులా జారుతోంది. అంచులు బోటు పక్కలను దాటి బయటకు రావాలి, నీళ్లు నేల మీద పడాలి. ఇక్కడే చాలామంది తప్పు చేస్తారు. నేనూ చేశాను. మొదటిసారి బరకాన్ని డెక్కుకు ఆనించి, చుట్టూ తాళ్లు బిగించి, ఇంక చుక్క దిగదులే అనుకున్నాను. పది రోజుల తర్వాత ఎత్తి చూస్తే లోపల గుప్పుమని బూజు వాసన, డెక్కును మోసే దూలాల కింద చెమట. వాన పడలేదు, లోపలి తేమకే బయటికి దారి లేకపోయింది. బరకానికీ బోటుకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉంచండి, ముందూ వెనకా తెరిచి పెట్టండి. వీలుంటే తాటాకు పందిరి ఇంకా మంచిది, గాలి ఆడుతుంది.

ఇప్పుడు లోపలికి దిగుదాం. తల జాగ్రత్త.

వలలు, తాళ్లు, నడిచే పలకలు, అన్నీ బయటికి తీసేశాం. పొద్దున పది నుంచి సాయంత్రం దాకా ముందు మూత, ఇంజను రూము మూత రెండూ తెరిచే ఉంటాయి. మధ్యాహ్నం సముద్రం మీది గాలి లేచాక ఒక వైపు దూరి రెండో వైపు పోతుంది. రాత్రి మంచు దిగుతుంది కాబట్టి మూసేస్తాం. గాలి ఆడని మూలల్లో ఒక ఫ్యాను పెట్టండి.

ఇది చూడండి, నా చేతిలోది. రంపపు పొట్టు. పైన కోసిన ప్రతి పలకదీ కిందికే రాలుతుంది. ఫ్రేముల, అంటే బోటు లోపల పక్కటెముకల్లా ఉండే చెక్కల అడుగున నీళ్లు పారడానికి చిన్న చిన్న కన్నాలు ఉంటాయి కదా, ఈ పొట్టు వాటిలో ఇరుక్కుంటుంది. నీళ్లు వాటిని బయటికి తోడే పంపు దాకా పోవు, తడిసిన పొట్టు స్పాంజిలా ఆ నీళ్లను ఫ్రేముకు అంటించి పెట్టుకుంటుంది. నన్నడిగితే డెక్కు పనిలో బోటుకు వాన కంటే ఇదే పెద్ద చేటు. అందుకే కోసే చోటుకు కింద పాత చీర పరిచాం. సాయంత్రం పొట్టుతో సహా మడిచి పైకి తెస్తాం. రోజూ తీయాలి, తడి చీరను అక్కడే వదిలేస్తే అదీ పొట్టుతో సమానమే. కన్నాల్లోంచి సన్నటి గొలుసు ఒకటి దూర్చి ఉంచితే అటూ ఇటూ లాగి శుభ్రం చేసుకోవచ్చు.

తర్వాత చేపల గది. ఇక్కడ మాత్రం ఏ వానా అక్కర్లేదు. ఐసు కరిగితే వచ్చేది మంచినీళ్లే! అవి లోపలి పూత పగుళ్లలోంచి థర్మాకోల్ వెనక్కి జారి ఏళ్ల తరబడి చెక్కను నానబెడతాయి. డెక్కు ఎలాగూ విప్పారు కాబట్టి పైనుంచి ఒక చోట తెరిచి తప్పకుండా చూడండి. సుత్తితో తట్టండి. మంచి చెక్క ఖంగున మోగుతుంది, చీకింది డబ్ అని చప్పగా వినిపిస్తుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవర్ గుచ్చండి. తేమ మీటరు ఉంటే మంచిదే కానీ, ఉప్పెక్కిన చెక్క మీద అది ఎక్కువ చూపిస్తుంది, దాన్నొక్కదాన్నే నమ్మకండి.

దూలాల కొసలు చూడండి. అడ్డంగా కోసిన ముఖం నీళ్లను దీపం వత్తిలా పీలుస్తుంది. చీకు ఎక్కువగా మొదలయ్యేది ఇక్కడే. మెత్తబడిన చెక్కంతా చెక్కేసి, గట్టి చెక్క తగిలాక ఇంకాస్త లోపలికి కూడా తీసేయాలి. ఆ చోట మూడు పాళ్ల బోరాక్స్, రెండు పాళ్ల బోరిక్ యాసిడ్ వేడినీళ్లలో కరిగించి బ్రష్షుతో రెండు మూడుసార్లు పట్టించండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, చేపలు, ఐసు తగిలే చోట ఈ మందు వద్దు. చెక్క కాస్త తడిగా ఉన్నా ఇది లోపలికి ఇంకుతుంది. కానీ నీళ్లకు కడుక్కుపోతుంది కాబట్టి, పూర్తిగా ఆరాక పైన ప్రైమరు, పెయింటు వేయాలి. ఆరకముందే ఎపాక్సీ, అంటే గట్టిపడే జిగురు పూత, పూశారంటే తేమను లోపల పెట్టి తాళం వేసినట్టే.

ఒక చిక్కు మాత్రం ఉంది. లోపల ఆరాలి కదా అని బోటును మే ఎండకు వదిలేస్తే పక్క పలకలు కుంచించుకుపోయి సందులు విచ్చుకుంటాయి. కాబట్టి ఎండ తగిలే వైపు గోనెపట్టాలు వేలాడదీసి, రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లు చల్లుతున్నాం. కుళాయి నీళ్లు దగ్గరున్నాయని పట్టేయకండి!

కొత్త పలకలు బిగించే ముందు రోజు ఒక పని చేయండి. ముందు కొసన ఒక బకెట్ ఉప్పునీళ్లు పోసి, పంపు దగ్గరికొచ్చి కూర్చోండి. నీళ్లు ఇక్కడికి చేరాలి. రాలేదంటే మధ్యలో ఎక్కడో ఒక కన్నం మూసుకుపోయింది. అది దొరికేదాకా మేస్త్రిని మేకు కొట్టనివ్వకండి.