సగం సైజులోనే విడిపోయిన ఈస్ట్ కణాలు ఏం చెప్పాయి?

నమస్కారం అండీ. స్క్రీన్ మీద క్యాప్సూల్ మాత్రలా కనిపిస్తోందే, అది ఒకే ఒక్క ఈస్ట్ కణం. పేరు షిజోశాకరోమైసిస్ పాంబే. ఇది లావెక్కదు, పొడవు మాత్రమే పెరుగుతుంది. సుమారు 14 మైక్రోమీటర్లకు చేరగానే నడుమ గోడ కట్టుకుని రెండవుతుంది. మామూలు పరిస్థితుల్లో ప్రతిసారీ దాదాపు అదే పొడవు దగ్గర! మరి ఇక విడిపోవచ్చని దానికి చెప్పేదెవరు?

1970లలో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరాలో పాల్ నర్స్ అనే యువ శాస్త్రవేత్త ఈ ప్రశ్న వెంట పడ్డారు. అప్పటికే అమెరికాలో లీలండ్ హార్ట్‌వెల్, మొగ్గ తొడిగే మరో రకం ఈస్ట్‌లో విభజన మధ్యలో ఆగిపోయే మ్యూటెంట్లను, అంటే ఏదో ఒక జన్యువు మారిపోయిన కణాలను, ఏరి పెట్టారు. నర్స్‌కి మాత్రం మైక్రోస్కోప్ కింద తద్విరుద్ధమైనవి కనిపించాయి. అవి ఆగడం లేదు సరికదా, సగం సైజులోనే తొందరపడి విడిపోతున్నాయి. స్కాట్లండ్‌లో చిన్నదాన్ని 'వీ' అంటారు. అందుకే వాటిలో చెడిన జన్యువుకి 'వీ1' అని పేరు పెట్టారు.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. జన్యువు చెడితే పని ఆగిపోవాలి కదా, మరి త్వరగా ఎలా జరిగింది? ఎందుకంటే దాని ఉద్యోగమే బ్రేక్ వేయడం. బ్రేక్ పోయింది, బండి ముందే కదిలింది. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా నచ్చే ఆలోచన ఇదే.

ఆయన ఇలాంటి చిన్న మ్యూటెంట్లు యాభై దాకా సేకరించారు. దాదాపు అన్నీ వీ1లోనే తేలాయి. చివరి దాని ప్లేట్‌కి బూజు పట్టింది. విసుగొచ్చి చెత్తబుట్టలో పడేశారు. తర్వాత మనసొప్పక, తిరిగొచ్చి దాన్ని బయటికి తీసి శుభ్రం చేశారు. చూస్తే అది వేరే జన్యువు, సీడీసీ2! ఒక రకంగా చెడితే విభజన ఆగిపోతుంది, ఇంకో రకంగా మారితే ముందే జరిగిపోతుంది. అంటే స్టీరింగ్ దీని చేతిలోనే ఉందన్నమాట.

సీడీసీ2 తయారుచేసేది ఒక కైనేజ్, అంటే ఇతర ప్రొటీన్లకు ఫాస్ఫేట్ తగిలించే ఎంజైమ్. సైక్లిన్ అనే తోడు ప్రొటీన్ లేనిదే అది పనిచేయదు. తోడు దొరికినా వెంటనే కదలనివ్వరు. వీ1 ప్రొటీన్ వచ్చి దాని 15వ అమైనో ఆమ్లం మీద ఒక ఫాస్ఫేట్ అంటిస్తుంది. అంతే, నోరు కట్టేసినట్టే. కణం తగినంత పెరిగాక సీడీసీ25 అనే మరో ప్రొటీన్ ఆ ఫాస్ఫేట్‌ని ఊడబీకుతుంది. సీడీసీ25 పనిచేయని కణాలను చూడండి, విడిపోవడం చేతకాక దారాల్లా సాగుతూనే ఉంటాయి. విభజన పూర్తయ్యేటప్పుడు సైక్లిన్‌ని కణమే ముక్కలు చేసేస్తుంది. మళ్లీ మొదటికి.

మరి ఇది ఈస్ట్ సొంత వ్యవహారమేనా? 1987లో నర్స్ ప్రయోగశాలలో మెలనీ లీ, సీడీసీ2 చెడిపోయిన ఈస్ట్‌లోకి మనిషి జన్యువుల ముక్కలను ఎక్కించారు. ఒక్క ముక్క పనిచేసినా చాలని ఆశ. ఈస్ట్‌కీ మనకీ దారులు వేరై సుమారు వంద కోట్ల ఏళ్లు. అయినా ఆ ప్లేట్ మీద కొన్ని కణాలు విడిపోవడం మొదలుపెట్టాయి. వాటిని నడిపిస్తున్నది మనిషి జన్యువు. దాని ప్రొటీన్‌ని ఈస్ట్ ప్రొటీన్ పక్కన పెట్టి చూస్తే, రెండింటిలోనూ 297 అమైనో ఆమ్లాలే!