ముందు వచ్చినదే కారణమా?

సభకు నమస్కారం.

1926లో జార్జ్ ఉడ్నీ యూల్ అనే గణాంక శాస్త్రవేత్త ఇంగ్లండ్, వేల్స్ లెక్కలను ముందు పెట్టుకొని, 1866 నుంచి 1911 వరకు మొత్తం వివాహాలలో ఆంగ్లికన్ చర్చిలో జరిగినవాటి వాటాకూ, మరణాల రేటుకూ మధ్య సహసంబంధాన్ని, అంటే రెండూ ఎంతగా కలిసి కదులుతాయో చెప్పే, గరిష్ఠంగా 1 ఉండే కొలమానాన్ని గణించారు. అది 0.95 వచ్చింది. చర్చి పెళ్లిళ్లు తగ్గడం వల్ల మనుషుల ఆయువు పెరిగిందని ఎవరూ నమ్మరు. రెండు శ్రేణులూ, అంటే ఏటేటా నమోదైన ఆ రెండు అంకెల వరుసలూ, ఏళ్ల తరబడి ఒకే దిశలో దిగుతూ వచ్చాయి, అంతే. వాటి స్థానంలో ద్రవ్య సరఫరా, ధరల సూచీ ఉంటే మాత్రం అదే 0.95ను ఎంత సులువుగా నమ్మేస్తామో ఆలోచించండి. అందుకే శ్రేణికి నిలకడ ఉందో లేదో, అంటే దాని సగటు, ఒడిదుడుకులు కాలంతో మారకుండా ఉన్నాయో లేదో డికీ-ఫుల్లర్ అనే గణాంక పరీక్ష వంటిదానితో చూసుకొని, లేకపోతే కోఇంటిగ్రేషన్ (విడివిడిగా నిలకడ లేని శ్రేణులను దీర్ఘకాలంలో కలిపి ఉంచే స్థిరమైన బంధం) ఉందేమో పరిశీలించి, అదీ లేకపోతే ఒక్కో విలువకూ దాని ముందుదానికీ ఉన్న భేదాలు తీసుకొని, ఆ తరువాతే కారణాల మాట ఎత్తాలి.

కారణం అంటే ఏమిటో 1969లో ఆర్థికవేత్త క్లైవ్ గ్రాంజర్ ఇచ్చిన నిర్వచనం చూడటానికి సరళమైనది. ఒక చలరాశి గత విలువలన్నీ చేతిలో ఉన్నా, మరో చలరాశి గతాన్ని కూడా కలిపినప్పుడు మొదటిదాని రేపటి విలువను మరింత కచ్చితంగా అంచనా వేయగలిగితే, రెండోది మొదటిదానికి కారణం. అయితే ఆ అంచనాకు అప్పటివరకు విశ్వంలో పోగైన సమాచారమంతా ఆధారంగా ఉండాలని ఆ నిర్వచనమే అంటుంది. ఆచరణలో మన చేతిలో ఉండేవి నాలుగైదు శ్రేణులు. ఈ నిర్వచనం ఆధారంగా చేసే పరీక్ష బలహీనత చాలామటుకు ఆ అంతరంలోనే ఉందని నా అభిప్రాయం.

1972లో ఆర్థికవేత్త క్రిస్టొఫర్ సిమ్స్ ఇటువంటి పరీక్షకే రెండో ప్రపంచ యుద్ధానంతర అమెరికా గణాంకాలలో ద్రవ్యం, ఆదాయం రెండింటినే తీసుకొని, ప్రభావం ద్రవ్యం నుంచి ఆదాయం వైపే నడుస్తోందని చూపారు. 1980లో ఆయనే వెక్టర్ ఆటోరిగ్రెషన్ నమూనాలో (ప్రతి చలరాశినీ అన్ని చలరాశుల గత విలువలతో అంచనా వేసే నమూనా) స్వల్పకాలిక వడ్డీ రేటును చేర్చగా, ఉత్పత్తిలోని ఒడిదుడుకులను వివరించడంలో ద్రవ్యానికున్న పాత్ర బాగా కుంచించుకుపోయింది. ఒక్క శ్రేణి చేరేసరికి తీర్పు మారింది. తన ఫలితాన్ని తానే ఇలా ప్రశ్నకు నిలబెట్టిన ఆ నిజాయతీ అంటే నాకు ఎంతో గౌరవం.

ఇటువంటి నమూనాలలోనే మరో వింత ఉంది: వడ్డీ రేటు పెరిగాక కూడా ధరలు కొన్ని నెలలపాటు పెరుగుతున్నట్టు కనిపిస్తాయి. ద్రవ్యోల్బణం రాబోతోందని కేంద్ర బ్యాంకు ముందే పసిగట్టి రేటు పెంచుతుంది. ఆ ముందుచూపుకు ఆధారమైన సమాచారం మన నమూనాలో లేదు కనుక, వేసిన మందే జబ్బుకు మూలమన్నట్టు లెక్క తేలుతుంది. ముడిసరుకుల ధరలను చేర్చితే ఈ చిక్కు కొంత సడలుతుందని 1992లో సిమ్స్ పరిశీలనలో తేలింది. కాబట్టి, ఒక శ్రేణి గతం మరోదాని అంచనాను నిజంగా మెరుగుపరుస్తుందో లేదో తేల్చే ఎఫ్ పరీక్ష నడిపే ముందు విద్యార్థులను నేను అడిగేది ఒక్కటే: వడ్డీ రేటు నిర్ణయించిన రోజున కేంద్ర బ్యాంకు అధికారుల బల్ల మీద ఏయే కాగితాలు ఉన్నాయి, వాటిలో ఎన్ని మీ నమూనాలో ఉన్నాయి?