ప్లీడరు చేతికి రెవెన్యూ శాఖ వస్తే: ప్రకాశం పంతులు గారి జమీందారీ విచారణ

అధ్యక్షుల వారికి, బార్‌లోని పెద్దలకు, కొత్తగా నల్లకోటు తొడుక్కున్న జూనియర్లకు నమస్కారం.

టంగుటూరి ప్రకాశం పంతులు గారనగానే 1928లో సైమన్ కమిషన్ వచ్చినప్పుడు మద్రాసులో తుపాకులకు రొమ్ము చూపిన ఘట్టమే అందరూ చెప్తారు. ఇవాళ దాని జోలికి పోను. ఆయన 1937లో రాజాజీ మంత్రివర్గంలో రెవెన్యూ మంత్రి అయ్యాక ఏం చేశారు, దాని జాడ మన గోదావరి జిల్లాల భూమి కాగితాల్లో ఎక్కడుంది, అంతవరకే చెప్తాను.

ముందు వృత్తి సంగతి. పుట్టింది 1872లో, ఒంగోలు వైపు వినోదరాయునిపాలెం. గురువు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు గారి వెంట రాజమండ్రి చేరి, తర్వాత ఇక్కడే సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా పేరు తెచ్చుకున్నారు, మునిసిపల్ చైర్మన్ కూడా అయ్యారు. సెకండ్ గ్రేడ్ అంటే కింది కోర్టుల వరకే. కేసు అప్పీలుకు మద్రాసు వెళ్ళిందా, కట్ట తీసుకెళ్ళి ఇంకొకరి చేతిలో పెట్టాల్సిందే. ఆ అడ్డు తొలగించుకోడానికే 1904లో ఇంగ్లండు వెళ్ళారు. అప్పట్లో బారిస్టరు కావాలంటే పరీక్షలు పాసైతే చాలేది కాదు. ఏడాదికి 4 టర్ముల లెక్కన మొత్తం 12 టర్ముల హాజరు కావాల్సి వచ్చేది. ఆ హాజరు పడేది క్లాసులో కాదు, భోజనాల హాల్లో! 1907లో తిరిగొచ్చి మద్రాసు హైకోర్టులో బాగా గడించారు. 1921లో ప్రాక్టీసు మానేశారు. గడించిందంతా ‘స్వరాజ్య’ పత్రిక మింగేసింది.

ఇక అసలు విషయం. మన డెల్టాలో రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే రైతువారీ గ్రామాలుండేవి, పిఠాపురం, నిడదవోలు లాంటి జమీందారీ ఎస్టేట్ల గ్రామాలూ ఉండేవి. కాలవ నీళ్ళు ఒకటే అయినా శిస్తు కట్టేది వేర్వేరు చోట్ల. ఎస్టేటు రైతుకు 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం సాగు హక్కు ఇచ్చింది గానీ, ధరలు పెరిగాయని చూపించి జమీందారు దావా వేసి శిస్తు పెంచుకునే దారీ ఉంచింది. అందుకే ఏళ్ళ తరబడి తగాదా అంతా ‘ఎంత పెంచితే న్యాయం’ అన్న దాని చుట్టూనే తిరిగింది. ప్రకాశం గారి అధ్యక్షతన వేసిన విచారణ కమిటీ ఆ ఇష్యూనే మార్చేసింది. అసలు భూమి ఎవరిది? జమీందారు యజమానా, శిస్తు వసూలు చేసి ఈస్టిండియా కంపెనీకి జమకట్టే మనిషా?

ఇందుకు ఆయన పట్టుకున్నవి 1802 నాటి రెగ్యులేషన్లు రెండు. 25వది కంపెనీకి, జమీందారుకు మధ్య ఒప్పందం, దాన్నే శాశ్వత పరిష్కారం అంటారు: వసూళ్ళలో సుమారు మూడింట రెండు వంతులు పేష్కషుగా, అంటే కంపెనీకి చెల్లించే కప్పంగా, కట్టాలి, ఆ మొత్తం ఎప్పటికీ పెరగదు. 30వది జమీందారుకు, రైతుకు మధ్య పట్టాలు, ముచ్చిలికల (పట్టాకు బదులుగా రైతు రాసిచ్చే ఒప్పుదల పత్రాల) సంగతి. రెంటినీ కలిపి చదవమన్నారు. పైవాడికి కట్టేది శాశ్వతంగా ఖాయమైతే కిందివాడి దగ్గర వసూలు చేసేది మాత్రం ఎందుకు పెరగాలి? 1938లో ఇచ్చిన నివేదిక రైతే భూయజమాని అంది, శిస్తును శాశ్వత పరిష్కారానికి ముందటి ఏడాది స్థాయికి దించమంది.

వాదనలో లొసుగు లేదనను. 25వ రెగ్యులేషన్‌లోనే జమీందారుకు భూమి మీద యాజమాన్య హక్కు ఇస్తున్నట్టు మాటలున్నాయి. అవతలి పక్షం వాటినే పట్టుకుంది, అది తేలిగ్గా తీసిపారేసే వాదన కాదు. నా మటుకు నాకు చరిత్రగా ఆ నివేదిక కొంత సాగదీసిందనిపిస్తుంది. ప్లీడింగుగా చూస్తే దిట్టమైనది.

చట్టం అయ్యేలోపే యుద్ధం వచ్చింది. 1939 అక్టోబరులో మంత్రివర్గం రాజీనామా చేసింది. ప్రకాశం గారు 1946 ఏప్రిల్ నుంచి 1947 మార్చి దాకా మద్రాసు ప్రధానిగా (ముఖ్యమంత్రిని అప్పట్లో అలాగే అనేవారు) ఉన్నారు, అప్పుడూ పని పూర్తి కాలేదు. చివరికి మన కోనసీమకు చెందిన కళా వెంకటరావు గారు రెవెన్యూ మంత్రిగా ఉండగా 1948లో 26వ చట్టంగా ఎస్టేట్ల రద్దు వచ్చింది. అయితే నివేదిక దారి వేరు, చట్టం దారి వేరు. చట్టం జమీందార్లకు పరిహారం ఇచ్చింది, ఎస్టేటు రాబడిని బట్టి మూలమొత్తానికి (చట్టం ప్రకారం లెక్కగట్టిన వార్షిక మొత్తానికి) 12½ నుంచి 30 రెట్లు. పెద్ద ఎస్టేటుకు తక్కువ రెట్లు, చిన్నదానికి ఎక్కువ.

జూనియర్లు ఇక్కడ చెవి ఒగ్గండి. భూమి కేసు రాగానే సర్వే నంబరు కన్నా ముందు అడగాల్సింది, ఆ ఊరు ఒకప్పుడు సర్కారుదా, ఎస్టేటుదా, ఇనామా (మాన్యంగా ఇచ్చినదా) అని. సర్కారు ఊరైతే ఆర్.ఎస్.ఆర్., అంటే రీ-సెటిల్‌మెంట్ రిజిస్టరు, తీయించండి. ఎస్టేటు ఊరైతే 1948 చట్టం 1(4) సెక్షను కింద నోటిఫై అయిన తేదీ, 11వ సెక్షను కింద ఇచ్చిన రైతువారీ పట్టా, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగలు (సెటిల్‌మెంటు నాటి భూముల రిజిస్టరు) కావాలి. చిన్న ఇనాములైతే 1956 చట్టం వేరే చూడాలి.

పార్టీ ఒకరు 1946లో జమీందారు ఇచ్చిన పట్టా తెచ్చారనుకోండి. స్టాంపు, సంతకం, కచేరీ ముద్ర అన్నీ చక్కగా ఉంటాయి. అయినా 11వ సెక్షను ప్రొవైజో (మినహాయింపు నిబంధన) అడ్డొస్తుంది: 1945 జూలై 1న గానీ ఆ తర్వాత గానీ జమీందారు స్వాధీనపరచిన భూమికి, ప్రభుత్వం ప్రత్యేకంగా చెప్తే తప్ప, రైతువారీ పట్టా రాదు. రద్దు ఖాయమని తెలిశాక హడావుడిగా రాసిచ్చిన కాగితాలను ఆపడానికే ఆ తేదీ పెట్టారు. అలాగే చెరువులు, పోరంబోకులు, రేవులు, చేపల హక్కులు నోటిఫికేషన్‌తోనే ప్రభుత్వానికి దఖలు పడ్డాయి. వాటికి జమీందారు రసీదులు ఎన్ని చూపినా లాభం లేదు.

పాత దస్తావేజులో పైమాషీ నంబరు (పాత కొలతల నాటి నంబరు) ఉంటే, కొత్త సర్వే నంబరుతో దాని పొంతన చూపే పట్టిక కూడా అదే దరఖాస్తులో అడగండి. అది లేకుండా దావా వేస్తే అవతలి వకీలు మొదటి ప్రశ్నలోనే, ఈ నంబరు ఆ భూమిదేనని ఏమిటి రుజువు అంటాడు.