"మా అవ్వకు చెప్పకుండ్రి సారూ" అంటే డాక్టర్ ఏం చేయాలి?

నమస్తే. వరంగల్‌లో ఏ పెద్దాసుపత్రి ఓపీలోనైనా కనిపించే దృశ్యం ఇది. నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దావిడను కొడుకు తీసుకొస్తాడు. బయాప్సీ రిపోర్ట్ వచ్చింది, క్యాన్సర్. ఆమె స్టూలు మీద కూర్చుంటుంది. వెనక నిలబడ్డ కొడుకు చెప్పొద్దని డాక్టర్‌కు సైగ చేస్తాడు. ఆమెను బయట కూర్చోబెట్టి వచ్చి, "మా అవ్వకు చెప్పకుండ్రి సారూ, తట్టుకోదు" అంటాడు.

ఆ కొడుకును నేను తప్పుపట్టను. అది ప్రేమ, భయం కూడా. కానీ ఎదురుగా ఉన్న హౌస్ సర్జన్‌కు ఈ పరిస్థితిలో ఏం మాట్లాడాలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అందుకే చీటీ రాసి "హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకుపోండి" అని పంపేస్తారు. తన జబ్బు సంగతి ఆ తల్లికి అక్కడి వార్డులో పక్క మంచం వాళ్ల మాటల్లో తెలుస్తుంది. ఇది నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

ఇలా మాట్లాడటం పుట్టుకతో వచ్చే గుణం కాదు, నేర్చుకుంటే వస్తుంది. వైద్యులు వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్‌మన్ తదితరులు చెడ్డ కబురు ఎలా చెప్పాలో నేర్పే స్పైక్స్ అనే ఆరు మెట్ల పద్ధతిని 2000లో ప్రచురించారు. అన్నీ వివరించను, రెండు మెట్లు చాలు. చెప్పే ముందు అడగాలి: "ఇప్పటిదాకా మీకేం చెప్పిండ్రమ్మా? మీకేమనిపిస్తోంది?" చాలామంది అప్పటికే సగం ఊహించి ఉంటారు. తర్వాత, "రిపోర్ట్ సంగతి మీకే చెప్పమంటారా, మీ కొడుకుతో మాట్లాడమంటారా?" అని అడగాలి. "వానికే చెప్పుండ్రి, వాడే చూసుకుంటడు" అని ఆమె అంటే, అది ఆమె నిర్ణయం. దాన్నీ గౌరవించాలి. కొడుకుతో కూడా విడిగా కూర్చోవాలి. ఆమెకు తెలిస్తే ఏమవుతుందని భయపడుతున్నాడో వినాలి. బలవంతంగా చెప్పనని, కానీ ఆమె నోరు తెరిచి అడిగితే అబద్ధం ఆడలేనని ముందే చెప్పాలి.

అన్నిటికంటే కష్టం, చెప్పాక ఆగడం. ఇలాంటి మాటలు నేర్పే శిక్షణలో నటించి ప్రాక్టీసు చేయిస్తారు: ఒక పీజీ విద్యార్థి డాక్టర్‌గా, ఇంకొకరు తల్లిగా కూర్చుంటారు. క్యాన్సర్ అన్న మాట రాగానే ఆ తల్లి తల దించుకుంటుంది. డాక్టర్ మాత్రం టెన్షన్‌తో కీమో, ఆరోగ్యశ్రీ, తర్వాతి స్కాన్ అంటూ గడగడా చెప్పేస్తాడు. ఆమెకు ఒక్కటీ ఎక్కదు. శిక్షకులు అక్కడ ఆపి మళ్లీ చేయిస్తారు. ఈసారి "ఈ మాట వినడం చాలా కష్టంగా ఉంటుందమ్మా" అని, ఆమె తల ఎత్తేదాకా ఊరుకోవాలి. పుస్తకం చదివితే ఇది రాదు, చేసి చూడాల్సిందే.

తెలిస్తే మనిషి తొందరగా పోతారన్న భయం మన దగ్గర గట్టిగా ఉంది. బోస్టన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్ ముదిరిన 151 మందిపై జరిగిన అధ్యయనం 2010లో వచ్చింది. మామూలు చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) వైద్యులు కూడా చూసిన వారికి జీవితం కొంత సుఖంగా గడిచింది. వారి మధ్యస్థ ఆయుష్షు 11.6 నెలలు, మిగతావారిది 8.9 నెలలు. జబ్బు గురించి రోగితో మనసు విప్పి మాట్లాడటం ఆ సేవలో ఒక భాగం. మాటే ఆయుష్షు పెంచిందని నేను అనను. కానీ ఆ మాటలు వాళ్లను కుంగదీయలేదు.

2019 నుంచి ఎంబీబీఎస్‌లో ఏట్‌కామ్ పేరుతో నీతి, ప్రవర్తన, సంభాషణ పాఠాలు వచ్చాయి. సంతోషమే. కానీ లాగ్‌బుక్‌లో సంతకంతో సరిపెడితే లాభం లేదు. మన విద్యార్థులు పరీక్షకు వచ్చేదే చదువుతారు, కాబట్టి ప్రాక్టికల్ పరీక్షలోనే ఇలాంటి సంభాషణ ఒకటి పెట్టాలి. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం వరంగల్‌లోనే ఉంది, ఈ పని ఇక్కడి నుంచే మొదలుకావచ్చు. ప్రాక్టీసు కూడా ఇంగ్లిష్‌లో కాదు, ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చే మనుషుల మాటలోనే జరగాలి. జనం మాట్లాడే భాష కోసం జీవితాంతం నిలబడిన కవి కాళోజీ పేరు పెట్టుకున్నాం కదా.

నర్సులను కూడా ఈ శిక్షణలో కూర్చోబెట్టాలి. రాత్రి రెండింటికి "బిడ్డా, నేను బతుకుతనా?" అని ఆ తల్లి అడిగేది డ్యూటీలో ఉన్న సిస్టర్‌నే.