అమెరికాలో అరెస్టు రికార్డు: సీల్ చేయించే ముందు కోర్టు నుంచి తీసుకోవలసిన కాగితం

[తెర మీద: ఒక కౌంటీ జైలు వెబ్‌సైటు నమూనా. పేరు రాసే గడి ఖాళీగా ఉంది.]

టెక్సాస్‌లో చదువుకుంటున్న ఒక తెలుగు కుర్రవాడిని ఊహించుకోండి. సరుకులు మనమే స్కాన్ చేసుకుని డబ్బు కట్టే కౌంటరు దగ్గర, 120 డాలర్ల వస్తువులకు బిల్లు కట్టకుండా వెళ్తున్నాడని దుకాణం వాళ్లు ఆపారు. పోలీసులు వచ్చారు. ఆ రాత్రి జైల్లో ఫోటో తీశారు, వేలిముద్రలు తీసుకున్నారు. తెల్లవారాక స్నేహితులు బాండు కట్టి విడిపించారు. వాళ్లు ఇల్లు చేరేసరికే అతని పేరు, అతని మీద ఉన్న ఆరోపణ కౌంటీ వెబ్‌సైటులో ఎవరు వెతికినా కనిపిస్తున్నాయి. నేరం రుజువు కావడం మాట అటుంచండి, ప్రాసిక్యూటర్ కేసు పెడతారో లేదో కూడా అప్పటికి తేలలేదు.

ఇది అన్యాయం అనిపిస్తుంది. నాకూ అనిపిస్తుంది. కానీ ఈ నియమం ఎందుకు పుట్టిందో ముందు చూద్దాం.

మన పత్రికల్లో ‘అరెస్టు చూపించారు’ అనే మాట మీకు తెలిసే ఉంటుంది. మనిషిని తీసుకెళ్లిన రోజు ఒకటి, కాగితం మీద అరెస్టు రాసిన రోజు మరొకటి అయినప్పుడు వాడే మాట. ఆ మధ్య రోజుల్లో కొడుకు ఏ స్టేషన్లో ఉన్నాడో తెలియక తిరిగిన తల్లులు మన దగ్గర ఎందరో. అరెస్టయిన వాళ్ల పేర్లు బయట పెట్టాలనే నియమం అలాంటి చీకటికి విరుగుడు. మన దేశంలో కూడా భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 37వ సెక్షన్ ప్రకారం అరెస్టయిన వాళ్ల పేర్లు, చిరునామాలు, ఆరోపణలు పోలీసు స్టేషన్లో ప్రదర్శించాలి.

[తెర మీద: 1975 అనే అంకె. వెనక పాత పోలీసు రిజిస్టరు బొమ్మ.]

టెక్సాస్‌లో ఈ విషయం 1975లో తేలింది. హ్యూస్టన్ క్రానికల్ పత్రిక హ్యూస్టన్ నగరం మీద వేసిన కేసులో అప్పీలు కోర్టు ఒక గీత గీసింది. దర్యాప్తు లోపలి వివరాలు పోలీసులు దాచుకోవచ్చు. ఎవరిని, ఎక్కడ, ఏ ఆరోపణ మీద పట్టుకున్నారనే ప్రాథమిక సమాచారం మాత్రం ఎవరడిగినా ఇవ్వాలి. నేటి టెక్సాస్ ప్రజా సమాచార చట్టంలోనూ అదే ఉంది.

అప్పట్లో ఆ సమాచారం స్టేషన్లో ఒక రిజిస్టరులో ఉండేది. చూడాలంటే మనిషి అక్కడికి నడిచి వెళ్లాలి. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు ఆ వివరాలను మొత్తంగా తెచ్చుకుని, ఫోటోతో సహా ప్రచురిస్తున్నాయి. కేసు కొట్టేసిన వార్త మాత్రం వాటికి చేరదు. ఉద్యోగమిచ్చేవారు, ఇల్లు అద్దెకిచ్చేవారు, పెళ్లి సంబంధం చూసేవారు అందరికీ ముందుగా కనబడేది ఆ ఒక్క రాత్రే.

అందుకే అలాంటి రికార్డును జనం కంట పడకుండా మూసే, అంటే సీల్ చేసే చట్టాలు వచ్చాయి. అవి రాష్ట్రానికొక తీరుగా ఉంటాయి. న్యూయార్క్‌లో కేసు నిందితుడికి అనుకూలంగా ముగిస్తే రికార్డు సాధారణంగా దానంతటదే సీల్ అవుతుంది. కాలిఫోర్నియాలో శిక్ష పడని అరెస్టును సీల్ చేయమని అడిగే హక్కు 2018 నుంచి ఉంది. టెక్సాస్ సంగతి కొంచెం నిదానంగా చెప్పుకోవాలి.

[తెర మీద: రెండు తలుపులు. ఒకదాని మీద ‘ఎక్స్‌పంక్షన్’, రెండోదాని మీద ‘నాన్‌డిస్‌క్లోజర్’.]

ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డును నాశనం చేయడం లేదా తిరిగి ఇచ్చేయడం. నిర్దోషిగా తేలినవారికి, కేసు పెట్టనివారికి, కొన్ని షరతుల మీద కేసు కొట్టేసినవారికి ఇది దొరుకుతుంది. అసలు కేసే పెట్టకపోతే అరెస్టు తేదీ నుంచి ఆగవలసిన కాలం ఇది: అతి చిన్న నేరాలకు 180 రోజులు, వాటికన్నా పెద్దవైన క్లాస్ ఎ, క్లాస్ బి నేరాలకు ఏడాది, ఫెలనీలనే తీవ్ర నేరాలకు మూడేళ్లు. మనం ఊహించుకున్న కుర్రవాడి 120 డాలర్ల దొంగతనం ఆరోపణ క్లాస్ బి కిందికి వస్తుంది. పిటిషన్ జిల్లా కోర్టులో వేయాలి. రికార్డు ఉన్న ప్రతి సంస్థ పేరూ అందులో ఉండాలి: పట్టుకున్న పోలీసు శాఖ, షెరీఫ్, ప్రాసిక్యూటర్, రాష్ట్ర ప్రజా భద్రతా శాఖ, అందరూ. ఒక పేరు మర్చిపోతే ఆ రికార్డు అక్కడే ఉండిపోవచ్చు. ఉత్తర్వు వచ్చాక ఆ అరెస్టు జరగలేదని చెప్పే హక్కు టెక్సాస్ చట్టమే మీకిస్తుంది.

నాన్‌డిస్‌క్లోజర్ అంటే జనానికి కనబడకుండా మూయడం. పోలీసులకు, చట్టం పేర్కొన్న కొన్ని సంస్థలకు కనబడుతూనే ఉంటుంది. నేరం ఒప్పుకుని, శిక్ష ప్రకటించకుండా కొంతకాలం పర్యవేక్షణలో ఉంచే ‘డిఫర్డ్ అడ్జుడికేషన్’ పూర్తిచేసినవారిలో ఎక్కువమందికి దొరికేది ఇదే.

మన పిల్లలు దెబ్బతినేది ఇక్కడే. ‘ఒప్పుకో, ఏడాదిలో కేసు పోతుంది, రికార్డులో శిక్ష ఉండదు’ అని ఎవరో చెబుతారు. టెక్సాస్ చట్టం దృష్టిలో అది నిజం. వలస చట్టం దృష్టిలో కాదు. 1996 నుంచి వలస చట్టంలో శిక్షకు వేరే నిర్వచనం ఉంది: నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక ఆంక్ష విధిస్తే అది శిక్షే. తర్వాత రాష్ట్రం దాన్ని మూసేసినా వలస అధికారులకు సాధారణంగా అది శిక్షగానే మిగులుతుంది. వలస పర్యవసానాల గురించి హెచ్చరించవలసిన బాధ్యత క్రిమినల్ కేసు వకీలుదేనని సుప్రీం కోర్టు 2010లో పాడిల్లా కేసులో చెప్పింది. ఆ ప్రశ్న అడగండి. జవాబు వచ్చేదాకా సంతకం పెట్టకండి.

[తెర మీద: వీసా దరఖాస్తులోని ఒక ప్రశ్న, తెలుగులో.]

వీసా దరఖాస్తు ‘మీరు ఎప్పుడైనా అరెస్టయ్యారా’ అని అడుగుతుంది, క్షమాభిక్ష లాంటిది దొరికినా సరే చెప్పమంటుంది. పౌరసత్వ దరఖాస్తు సూచనలైతే రికార్డు సీల్ అయినా, చెరిపేసినా చెప్పాలని స్పష్టంగా అంటాయి. అంటే అరెస్టు జరగలేదని ఇంటి యజమానికి చెప్పగలిగిన మనిషే వీసా అధికారికి జరిగిందని చెప్పాలి. కావాలని దాచి ప్రయోజనం పొందబోయారని తేలితే, మినహాయింపు దొరికితే తప్ప, అమెరికా ప్రవేశానికి శాశ్వత అనర్హత.

వాళ్లకెలా తెలుస్తుందంటారా? వేలిముద్రలు. పేరు పోల్చి చూసినా దొరికిపోతుంది. 2025 వసంతంలో జరిగింది గుర్తు తెచ్చుకోండి. సుమారు 13 లక్షల విద్యార్థుల పేర్లను ఎఫ్‌బీఐ నేర సమాచార వ్యవస్థతో పోల్చి చూశామని, సుమారు 6,400 పేర్లు కలిశాయని ప్రభుత్వ అధికారే కోర్టులో చెప్పారు. విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో వేలమంది విద్యార్థుల రికార్డులు రద్దయ్యాయి. కేసు ఎప్పుడో కొట్టేసినవాళ్లూ వాళ్లలో ఉన్నారు. కోర్టుల్లో వరుసగా దావాలు పడ్డాక ఏప్రిల్ చివర్లో వాటిని పునరుద్ధరించడం మొదలుపెట్టారు.

ఇక ఆ కాగితం. కేసు ఎలా ముగిసిందో చెప్పే కోర్టు తుది ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి. వలస అధికారులు అడిగేది దాన్నే. ఎక్స్‌పంక్షన్ అయ్యాక క్లర్కు కిటికీ దగ్గర అడిగితే అలాంటి కేసే లేదనవచ్చు, ఆ రికార్డు బయటపెట్టడానికి చట్టం ఒప్పుకోదు. కేసు కొట్టేసిన సంగతి నిజమే అయినా, దాన్ని చూపించే ఆధారం మీ చేతులతోనే పోగొట్టుకున్నట్టవుతుంది. పిటిషన్ వేయకముందే క్లర్కు దగ్గరికి వెళ్లండి, రుసుము కట్టి రెండుమూడు ధ్రువీకృత ప్రతులు తీసుకోండి. అరెస్టు నివేదిక, ఆరోపణ పత్రం ప్రతులు కూడా.

ఫోటో ప్రచురించి, తీసేయడానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లకు పైసా కట్టకండి. కాలిఫోర్నియా 2015 నుంచి అలా వసూలు చేయడాన్ని నిషేధించింది. టెక్సాస్‌లోనూ ఇలాంటి వెబ్‌సైట్లను కట్టడి చేసే 2013 చట్టం ఉంది. ఎక్స్‌పంక్షన్ ఉత్తర్వు ప్రతి జత చేసి రాతపూర్వకంగా నోటీసు పంపండి.

[తెర మీద: ఒక ప్లాస్టిక్ ఫైలు. అందులో ముద్ర ఉన్న కాగితం.]

రెండేళ్ల తర్వాత అదే కుర్రవాడు వీసా స్టాంపింగుకు హైదరాబాద్ వస్తాడు. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ కిటికీ అవతల అధికారి అరెస్టు గురించి అడుగుతారు. అతను అవునని చెప్పి, ఫైలు తెరిచి, కేసు కొట్టేసినట్టు కోర్టు ముద్రతో ఉన్న కాగితం కిటికీ కింద నుంచి అందిస్తాడు.