శ్రుతి దించితే పరువు పోతుందా? ఆక్సెల్ రోజ్ గొంతు మీద బావా బామ్మర్దుల పంచాయితీ

బామ్మర్ది: నమస్కారమండీ అందరికీ. పటమటలో మా అక్కావాళ్ళింట్లో వెనక గదిలో కూర్చుని రికార్డు చేస్తున్నాం. ఫ్యాన్ ఆపేశాం, ఎందుకంటే పోయిన ఎపిసోడ్ విన్నవాళ్ళందరిదీ ఒకటే మాట, మీకంటే మీ ఫ్యాన్ బాగా మాట్లాడింది అని. బెజవాడ ఉక్క సంగతి మీకు తెలిసిందే కదా, మధ్యలో ఎవరైనా సోలిపోతే ఏమీ అనుకోకండి. ఈరోజు మా బావ మీద కేసు నడుస్తుంది.

బావ: కేసేంటిరా?

బామ్మర్ది: కేసే. ఆక్సెల్ రోజ్ పాడే అమెరికన్ రాక్ బ్యాండ్ గన్స్ ఎన్ రోజెస్‌ని చూడ్డానికి కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి దాదాపు ఒక రోజు ప్రయాణం చేసి ముంబై వెళ్ళి, మహాలక్ష్మి రేస్‌కోర్స్‌లో చెమటలు కక్కుతూ నిలబడి, తిరిగొచ్చిన దగ్గర్నుంచీ ఊరందరికీ అద్భుతం అద్భుతం అని చెప్తున్నాడు. నేను ఫోన్లో ఆ క్లిప్పులు చూశాను బావా. నా చెవులతో విన్నాను. అది పాట కాదు, గేటు కిర్రుమన్నట్టు ఉంది.

బావ: (నవ్వు) ముందు ఒక్కటి ఒప్పుకుంటా. 2025 మే 17న నేను విన్న గొంతు, నేను ఇంటర్ చదివేటప్పుడు బీసెంట్ రోడ్డులో కొన్న క్యాసెట్‌లో ఉన్న గొంతు కాదు. 1991 సెప్టెంబర్ 17న వీళ్ళు ఒకేరోజు రెండు ఆల్బంలు వదిలారు, మన దాకా వచ్చేసరికి ఎప్పటికో గానీ, ఒకదానికే నా దగ్గర డబ్బులుంటే రెండోది ఫ్రెండు దగ్గర తీసుకుని ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించుకున్నా. ఆ టేపు నలిగిపోయేదాకా విన్నానురా. నాకు ఆ గొంతు తెలీదా? ఆక్సెల్‌కి ముంబైలో అరవై మూడేళ్ళు. అరవై మూడేళ్ళాయన పాతికేళ్ళవాడిలా అరవలేదని నువ్వు బాధపడుతున్నావా?

బామ్మర్ది: వయసైందని కాదు నా బాధ. వయసైందని ఒప్పుకోడు అని. పాతికేళ్ళప్పుడు పాడిన స్కేల్‌లోనే ఇప్పుడూ పాడతాడు, అందక పైన ఎక్కడో సన్నగా కీచుమంటాడు. బయట ఫ్యాన్సే మికీ మౌస్ గొంతు అంటున్నారు, నేనన్నమాట కాదు. మేం పెళ్ళిళ్ళకి ఆర్కెస్ట్రా వాయించేటప్పుడు సింగర్‌కి జలుబు చేసిందనుకో, కీబోర్డు వాడికి సైగ చేస్తాడు, వాడు ట్రాన్స్‌పోజ్ బటన్ రెండు నొక్కులు నొక్కుతాడు, అయిపోయింది. పెళ్ళివాళ్ళకి తెలియను కూడా తెలీదు. కోట్లు తీసుకునే మనిషి ఆపాటి చెయ్యలేడా?

బావ: ఆ బటన్ నొక్కినప్పుడు నువ్వేం చేస్తావు గిటార్ మీద?

బామ్మర్ది: ...తిట్టుకుంటాను.

బావ: అదీ! ఎందుకు తిట్టుకుంటావో వినేవాళ్ళకి చెప్పు.

బామ్మర్ది: అంటే, కీబోర్డుకి బటన్ ఉంటుంది, గిటార్‌కి ఉండదు. పైకి వెళ్ళాలంటే కేపో, అంటే తీగలన్నిటినీ అడ్డంగా నొక్కిపట్టే క్లిప్పు, బిగిస్తాం, కిందకి దిగాలంటే కేపో పనికిరాదు. ఒకటి, తీగలు వదులు చేసుకోవాలి, మరీ వదులు చేస్తే చప్పగా అయిపోయి ఫ్రెట్ల మీద గరగరలాడతాయి, లావు తీగలు వేసుకోవాల్సి వస్తుంది. రెండోది, వేళ్ళు వేరే చోట పెట్టి వాయించాలి, అప్పుడు వదిలేసిన తీగ మోగే మోత పోతుంది. రాక్ పాటల్లో సగం మజా ఆ మోతలోనే ఉంటుంది. సరే, వీళ్ళ గిటారిస్టు స్లాష్‌కి ఇబ్బందే. కానీ వీళ్ళు మొదటి ఆల్బం నుంచే, అంటే 1987 నుంచే, గిటార్లు అర మెట్టు దించి వాయిస్తున్నారు. ఇంకో అర మెట్టు దించితే ఆకాశం ఊడిపడదు. మెటాలికా బ్యాండ్ వాళ్ళు రికార్డులో ఒక శ్రుతి, స్టేజీ మీద అర మెట్టు కింద, తొంభైల నుంచీ అంతేగా. వాళ్ళ సింగర్ హెట్‌ఫీల్డ్ ఒకసారి గొంతు పాడుచేసుకుని, టీచర్ని పెట్టుకుని పాడటం మళ్ళీ మొదట్నుంచి నేర్చుకున్నాడు. 2011లో బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కి వచ్చినప్పుడు ఎవరైనా శ్రుతి తగ్గించారు, డబ్బులు వెనక్కివ్వండి అన్నారా?

అక్క: (దూరం నుంచి) శ్రుతి దించడం తప్పని ఎవరన్నారు?

బావ: ఇదిగో, జడ్జిగారొచ్చారు. రా, ఈ మైకు దగ్గర కూర్చో. వినేవాళ్ళకి చెప్పాలి కదా, ఈవిడ ఘంటసాల సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంది, బాలమురళీకృష్ణ గారు ఒకప్పుడు ప్రిన్సిపాల్‌గా చేసిన కాలేజీ. ఇంట్లో నేను పాట పెడితే మాత్రం తలుపేసుకుంటుంది.

అక్క: మీరు పెట్టే సౌండుకి. సరే వినండి. పెళ్ళికి ముందు నేను ఐదున్నర శ్రుతిలో పాడేదాన్ని. ఇప్పుడు నాలుగున్నర. శ్రుతి పెట్టెలో ముల్లు తిప్పుకుంటే అయిపోయింది. మా దగ్గర ఇది సిగ్గుపడే విషయమే కాదు, పెద్ద పెద్ద విద్వాంసులు వయసు మీద పడ్డాక శ్రుతి తగ్గించుకుని పాడతారు, ముందు వరసలో కూర్చున్నవాళ్ళు గమనిస్తారు, గమనించి ఊరుకుంటారు. ఎందుకంటే మాకు రాగం ముఖ్యం, అది ఏ శ్రుతిలో ఉన్నా అదే రాగం. మీకేమో రికార్డు ముఖ్యం. క్యాసెట్‌లో ఎలా ఉందో అలాగే ఉండాలి. ఆ మనిషి మీద కాదు, ఆ క్యాసెట్ మీద మీ ప్రేమ.

బామ్మర్ది: అక్కా, అసలు వయసైతే గొంతు సన్నబడటం ఏంటి? బొంగురు పోవాలి కదా?

అక్క: అందరూ అలాగే అనుకుంటారు. గొంతులో రెండు మడతలుంటాయి, స్వరతంత్రులు. ఊపిరి వచ్చేటప్పుడు అవి ఒకదానికొకటి తగిలి అదిరితే నాదం. మగవాళ్ళలో వయసు పెరిగేకొద్దీ ఆ మడతలు పలచబడతాయి, పూర్తిగా మూసుకోవు, మధ్యలోంచి గాలి లీకవుతుంది. అందుకే చాలామంది ముసలాళ్ళ మాట సన్నగా, గాలి గాలిగా వినిపిస్తుంది. మన తాతగారు గుర్తున్నారా, ఆఖర్లో ఫోన్ చేస్తే అమ్మమ్మేమో అనుకునేవాళ్ళం. నిండు గొంతుతో పై స్థాయి పట్టాలంటే ఆ మడతలు గట్టిగా మూసుకోవాలి. అవి మూసుకోనప్పుడు పై స్వరం అందుకోవాలంటే తల గొంతులోకి, అంటే సన్నటి దొంగ గొంతులోకి, జారిపోవడమే దారి. మీరు మికీ మౌస్ అంటున్నది అదే. దానికి తోడు ఆయన పాతికేళ్ళప్పుడు పాడిన పద్ధతి చూస్తే, ఇన్నాళ్ళు ఉండటమే గొప్ప.

బావ: ఇప్పుడు నేను చెప్పేది వినండి. 2016లో ఏసీ/డీసీ బ్యాండ్ సింగర్ బ్రయాన్ జాన్సన్‌కి చెవి సమస్య వచ్చింది, పాడితే వినికిడి మొత్తం పోతుందని డాక్టర్లు ఆపేశారు. అప్పుడు ఆయన స్థానంలో పాడింది ఎవరు? ఆక్సెల్ రోజ్. అదీ కాలు విరిగి, కుర్చీలో కూర్చుని. ఆ రికార్డింగులు విను, గొంతులో ఆ గరుకు, ఆ మంట, మొత్తం ఉంది. అప్పటికి యాభై నాలుగేళ్ళు. కాబట్టి పోయింది పోయింది అని నువ్వు చెప్పేంత సులువు కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో స్లాష్, బాస్ గిటార్ వాయించే డఫ్ గన్స్ ఎన్ రోజెస్‌కి వెనక్కొచ్చారు. 1996లో వెళ్ళిపోయిన స్లాష్ ఇరవయ్యేళ్ళకి వచ్చాడు. అప్పటి నుంచి మొదలుపెట్టి ఊరూరా తిరుగుతూనే ఉన్నారు. ముంబైకి ముందు అదే నెలలో కొరియా, జపాన్, తైవాన్, బ్యాంకాక్, మా తర్వాత రియాద్. ఒక్కో షో రెండున్నర గంటల పైమాటే. నువ్వు రెండున్నర గంటలు పాడు చూద్దాం.

బామ్మర్ది: నేను టికెట్ అమ్మట్లేదు కదా బావా!

అక్క: (నవ్వు) అదీ పాయింటే. రెండున్నర గంటలు ఎందుకు పాడటం? గంటన్నర పాడి, అందులో బాగున్నవి పాడొచ్చుగా.

బామ్మర్ది: థాంక్యూ అక్కా. ఇంకోటి. ఏరోస్మిత్ బ్యాండ్ సింగర్ స్టీవెన్ టైలర్‌ని చూడు. 2007లో బెంగళూరులో పాడాడు. 2023 సెప్టెంబర్‌లో గొంతుకి దెబ్బ తగిలింది, ఏడాది ప్రయత్నించి, ఇక పూర్తిగా కోలుకోవడం కుదరదని 2024 ఆగస్టులో టూర్లు ఆపేస్తున్నామని చెప్పేశారు. మర్యాదగా ఉంది.

బావ: ఆపేసినవాడు 2025 జూలై 5న బర్మింగ్‌హామ్‌లో బ్లాక్ సబ్బత్ వాళ్ళ ఆఖరి షోకి వచ్చి ఎలా పాడాడో చూశావా? అదిరిపోయింది. అంటే రోజూ పాడలేకపోవడం వేరు, ఒక్కరోజు పాడటం వేరు. అదే షోలో సబ్బత్ సింగర్ ఓజీ సింహాసనం మీద కూర్చుని పాడాడు, లేచి నిలబడలేని మనిషి. స్వరం అటూ ఇటూ అయింది. ఎవడన్నా లెక్కపెట్టాడా? తర్వాత పదిహేడు రోజులకి పోయాడు. దాన్ని నువ్వు పెర్ఫార్మెన్స్ బాగాలేదంటావా?

బామ్మర్ది: అనను. అది వీడ్కోలు బావా, అందరికీ తెలుసు వీడ్కోలని. ఎవరూ టికెట్ కొనేటప్పుడు పాత గొంతు వస్తుందనుకోలేదు. ఇక్కడ అలా కాదు. పోస్టర్ మీద పాత ఫొటో కళ వేసి, లోపల వేరే సరుకు.

బావ: సరుకంట! మా తాతయ్య తెనాలి దగ్గర ఊళ్ళో నాటకాలకి తీసుకెళ్ళేవాడు నన్ను. కృష్ణుడి వేషం ఒక పెద్దాయన వేసేవాడు, డెబ్బై దాటిన మనిషి, కిరీటం కింద మెడ వణికేది. పద్యం ఎత్తుకునే ముందు హార్మోనియం ఆయన వైపు ఒక్క చూపు చూసేవాడు, ఆయన ఏదో మెట్టు మార్చేవాడు, నాకప్పుడు అర్థమయ్యేది కాదు. రాగం మునుపట్లా లాగలేకపోయేవాడు, లాగాల్సిన చోట ఆగి, అర్జునుడి వైపు తిరిగి ఒక నవ్వు నవ్వేవాడు. జనం ఆ నవ్వుకి వన్స్ మోర్ కొట్టేవాళ్ళు. పద్యానికి కాదురా, నవ్వుకి.

అక్క: చూశారా, మీ నోటితో మీరే చెప్పారు. ఆయన మెట్టు మార్పించుకున్నాడు. లాగలేని చోట లాగలేదు.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు)

బామ్మర్ది: బావ ఓడిపోయాడు, రికార్డులో ఉంది.

బావ: ఆగరా. సరే, ఒప్పుకుంటా, రెండు మెట్లు దించొచ్చు. నేను ఇంకో సంగతి అడుగుతా. కొన్ని పెద్ద బ్యాండ్ల మీద గొడవ ఉంది, ముందే రికార్డు చేసింది పెట్టి పెదాలు ఆడిస్తున్నారని. క్లిప్పులో వింటే సీడీలా ఉంటుంది. నీకు ఏది కావాలి? టేపులో వచ్చే మంచి గొంతా, నిజంగా వచ్చే చెడ్డ గొంతా?

బామ్మర్ది: నిజంగా వచ్చే మంచి గొంతు.

అక్క: నాకూ అదే కావాలి. కానీ ఆ రెండింట్లోనే ఎంచుకోమంటే చెడ్డదే. తప్పు పాడుతున్నాడంటే పాడుతున్నాడనేగా.

బావ: హమ్మయ్య. ఇంకోటి, నీ క్లిప్పుల సంగతి. అంత సౌండు దగ్గర ఫోన్ మైకు ఏం చేస్తుందో నీకు తెలీదా? బాస్ దెబ్బ పడగానే మొత్తం లెవెల్ తనంతట తనే తొక్కేస్తుంది, గొంతు సన్నగా పీక్కుపోయినట్టు వస్తుంది. ఆడియో పనిచేసేవాడివి, నువ్వే ఫోన్ క్లిప్పు చూసి తీర్పు చెప్తే ఎలా?

బామ్మర్ది: అది నిజమే, కొంత ఒప్పుకుంటా. కానీ ఫోన్ గొంతు సన్నం చేస్తుంది, శ్రుతి తప్పించదు కదా బావా. పక్కనే నిలబడ్డ స్లాష్ గిటార్ అదే ఫోన్లో చక్కగా ఉంది. ఆయన మాత్రం మారలేదు, దానికి దణ్ణం పెడతా. వేళ్ళకి వయసు గొంతుకంటే నెమ్మదిగా వస్తుందేమో. మధ్యలో ఆయన సోలోలు అంతసేపు వాయించేది కూడా ఆక్సెల్ కాసేపు ఊపిరి తీసుకోవడానికే అని నా అనుమానం. సరే, సూటిగా అడుగుతా. నవంబర్ రెయిన్ పాడాడు కదా, తొమ్మిది నిమిషాల పాట, నువ్వు ముప్పై ఏళ్ళ నుంచి ఎదురుచూస్తున్న పాట. ఆక్సెల్ పియానో దగ్గర కూర్చుని మొదటి చరణం ఎలా పాడాడు? నిజం చెప్పు.

బావ: ...ఏమో.

బామ్మర్ది: ఏమో ఏంటి?

బావ: అంటే, నా చుట్టూ ఉన్నవాళ్ళందరూ పాడుతున్నారు. మొదటి లైను నుంచీ. నా పక్కన ఒక ఆయన, నా వయసే ఉంటుంది, ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టు ఇన్‌షర్టు, కళ్ళు మూసుకుని గొంతు చించుకుంటున్నాడు. నేనూ పాడుతున్నా. నాకు స్పీకర్లోది వినపడలేదు.

బామ్మర్ది: బావా! అంటే నువ్వు అసలు విననే లేదా?

బావ: సోలో విన్నా. సోలో బాగా విన్నా.

అక్క: ఒక రోజు రైల్లో వెళ్ళి అక్కడ మీరే పాడుకుని వచ్చారా?

బావ: శ్రుతి కూడా కలవలేదు అనుకుంటా. ఆ ఇన్‌షర్టు ఆయన నాకంటే ఘోరం.

బామ్మర్ది: (నవ్వు ఆగట్లేదు) ఇంతసేపు ఈ ఉక్కలో ఫ్యాన్ ఆపుకుని... అక్కా, స్విచ్ వెయ్యి అక్కా, ఇక రికార్డయినా కాకపోయినా ఒకటే.

అక్క: వేస్తున్నా. ఇదిగో, మీరు ఆ పాట రెండు మెట్లు దించి వాయించండి, ఈయన్ని పాడమనండి, చూద్దాం.

బావ: ఇప్పుడా?

బామ్మర్ది: ఉండు, తీగలు వదులు చేస్తా.