రెండో పెళ్లి కుటుంబాల్లో ఆస్తి, ట్రస్టు: గుంటూరులో ఇచ్చిన ప్రసంగం

అందరికీ నమస్కారం అండి. ఇంత ఎండలో కూడా వచ్చారు, సంతోషం. మన వైపు బతికుండగా ఆస్తి పంపకాల మాటెత్తితే అపశకునం అంటారు, ఇక రెండో పెళ్లి కుటుంబమైతే అసలు నోరే తెరవరు, అందుకే నేను సూటిగా చెప్పేస్తా.

ఒక లెక్క చూద్దాం. బ్రాడీపేటలో ఒకాయన ఉన్నారనుకోండి, సొంత సంపాదనతో కట్టిన ఇల్లు, కింద షాపు పైన కాపురం. మొదటి భార్య పోయింది, ఆవిడకి ఒక కూతురు. తర్వాత చేసుకున్నావిడకి ముందు పెళ్లిలో ఒక కొడుకు. ఈయన వీలునామా రాయకుండా పోతే 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, ఆయన తల్లి కూడా లేకపోతే, భార్యకి సగం కూతురికి సగం. ఆ తర్వాత ఆవిడ కూడా ఏమీ రాయకుండా పోతే ఆవిడ సగం మొత్తం ఆవిడ కొడుక్కే. అదే ఆవిడ ముందు పోయి ఆయన తర్వాత పోతే? ఇల్లంతా కూతురిదే, ఆయన చేతుల మీద పెరిగిన పిల్లాడికి, దత్తత చేసుకోకపోతే, పైసా రాదు. ఎవరు ముందు పోయారన్న దాన్ని బట్టి ఇల్లు ఎవరిదో తేలుతుందన్నమాట, ఇదేం పద్ధతి చెప్పండి!

చాలామంది "నా భార్య బతికున్నంతకాలం అనుభవించి, తర్వాత నా కూతురికి" అని వీలునామా రాసేస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ 1977లో సుప్రీంకోర్టు తులశమ్మ కేసులో, అది మన ఆంధ్రా కేసే, మనోవర్తి కింద ఇచ్చిన ఆస్తి అయితే బతికున్నంతకాలం అనుభవ హక్కే అని రాసినా భార్యకి పూర్తి హక్కే అంది, అంటే తర్వాత కూతురికి అన్న మాట చెల్లదు. అప్పట్నుంచీ ఇలాంటి వీలునామాల మీద ఈ పాయింటు పట్టుకుని కోర్టుకెక్కుతూనే ఉన్నారు.

దీనికి ఒక దారి ట్రస్టు. అందులో ఆస్తి ట్రస్టీల పేరు మీద, అంటే మీరు నమ్మి అప్పగించినవాళ్ల పేరు మీద ఉంటుంది, అనుభవం కుటుంబానిది, కాబట్టి ఆ గొడవకి దారి బాగా తగ్గుతుంది, అసలు ఉండదని మాత్రం చెప్పను. దస్తావేజులో ఇలా రాయొచ్చు: షాపు అద్దె నెలనెలా ఆవిడ అకౌంట్లో పడాలి, ఇంటి పన్ను, శ్లాబు కారితే రిపేరు అందులోంచే, ఆవిడ తర్వాత ఇల్లు ఇద్దరు పిల్లలకీ చెరి సగం. బతికుండగా స్థిరాస్తి ట్రస్టులో పెడితే 1882 ట్రస్టుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టాంప్ డ్యూటీ పడుతుంది, అదొద్దనుకుంటే వీలునామాలోనే ట్రస్టు రాసుకోవచ్చు. ఉమ్మడి ఆస్తి అయితే వీలునామాలో మీ వాటా వరకే మీ ఇష్టం. ఎవరికి ఎంతో రాయకుండా ట్రస్టీల ఇష్టానికి వదిలేస్తే మామూలుగా ఇన్‌కంటాక్స్ టాప్ రేటులో పడుతుంది, ఆడిటర్‌ని అడక్కుండా ముందుకెళ్లకండి.

అసలు తంటా ట్రస్టీ దగ్గర. ఒక్క భార్యని పెడితే కూతురికి అనుమానం, ఒక్క కూతుర్ని పెడితే ఆవిడ రోజూ చెయ్యి చాచాలి. ఇద్దరితో పాటు ఇంటితో ఏ లాభం లేని మూడో మనిషిని పెట్టండి, బావమరిది మాత్రం వద్దు, నవ్వకండి, నిజంగానే వద్దు. అమ్మే అధికారం ఎవరిది, ట్రస్టీ పోతే తర్వాత ఎవరు, ఈ రెండూ రాయించకుండా సంతకం పెట్టకండి. వెనక వరసలో అన్నగారు ఇందాకట్నుంచి చెయ్యెత్తే ఉన్నారు, అడగండి.